నిలువుకోత బొమ్మ

సిరాజుద్దీన్ సారు చెప్పేది జీవశాస్త్రమే గానీ, ఆయన క్లాసులోకి తొంగిచూసిన వాళ్ళెవరూ ఆ మాట ఒప్పుకునేవాళ్ళు కాదు. కొందరు పిల్లలు వరండాలో బోర్లా పడుకుని చీమల్ని చూస్తుంటారు. ఇంకొందరు మందారపువ్వును బ్లేడుతో నిలువునా కోసి, లోపలున్నది ఉన్నట్టు రంగు పెన్సిళ్ళతో దించుతుంటారు. రామకుప్పం దాటి అడవి అంచుకు పోయే దారిలో ఉన్న ఆ హైస్కూల్లో డ్రాయింగు మాస్టరు పోస్టు ఎప్పుడు ఖాళీ అయిందో, దాని సంగతి అడిగిన నాథుడే లేడు. "సైన్సు సారు బొమ్మలేయిస్తాండాడు, ఇంక లెక్కల సారు భజన సేయిస్తాడేమో" అని ఊళ్ళో ఎకసెక్కాలాడారు. హెడ్మాస్టరు గోపాలస్వామి ఆ మాట విని నవ్వి ఊరుకున్నాడు. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషికి ప్రతిదీ నవ్వి ఊరుకోదగ్గదిగానే ఉంటుంది.

సిరాజుద్దీన్ తండ్రి పుంగనూరు బస్టాండు దగ్గర అంగళ్ళకు బోర్డులు రాసే పెయింటరు. ఫ్లెక్సీలు వచ్చి ఆయన కుంచెను మూలకు తోసేదాకా ఊళ్ళో సగం పేర్లు ఆయన చేతి కింద పుట్టినవే. "చెయ్యి తప్పు చేయదురా, కన్నే తప్పు చేస్తాది. ముందు బాగా చూడు" అని కొడుక్కి చెప్పేవాడు. కొడుకు మదనపల్లెలో బీఈడీ చదివి, సైన్సు అనేది కూడా అదే మాట చెబుతోందని కనిపెట్టి తెగ సంబరపడ్డాడు. సైన్సుకూ బొమ్మకూ నడుమ గోడ కట్టింది టైంటేబులు ఒక్కటేనని ఆయన వాదన. అందుకే క్లాసులో ఆయన చట్టం ఒకటే. చూసింది గీయాలి, చూడనిది గీయకూడదు.

ఆ చట్టం అందరికీ చెవికెక్కింది గానీ, ఒంటికెక్కింది మాత్రం ఎనిమిదో తరగతి తేజస్వినికి. చీమ బొమ్మ గీయమంటే పిల్లలంతా పొట్టకు రెండు కాళ్ళు, మెడకు రెండు కాళ్ళు తగిలించి తెచ్చారు. తేజస్విని ఒక్కతే ఆరు కాళ్ళూ నడిమి ముక్కకే పెట్టింది. "ఎవరు చెప్పారమ్మా నీకు?" అని సారు అడిగితే, "చీమే సార్" అంది. ఆ రోజు సిరాజుద్దీన్ గదికి పోయి ఒక్కడే వంట చేసుకుంటూ ఆ మాటకు పదిసార్లు నవ్వుకున్నాడు. పుంగనూరులో ఉన్న భార్య మైమూన్ బీకి ఫోను చేసి మరీ చెప్పాడు. పంతులుకు ఇలాంటి పిల్ల సర్వీసంతటికీ ఒకరు దొరికితే అదృష్టమే.

నేల గురించి పాఠం వచ్చింది. మీ చేనును నిలువునా కోస్తే ఎట్లుంటుందో గీసుకురండి అన్నాడు సారు. పైన ఏముంది, కింద ఎర్రమన్ను ఎంత, దాని కింద రాళ్ళు కలిసిన గరుసు ఎంత, బండ ఎక్కడ తగిలింది, బోరు పైపు ఎంత లోతుకు పోయింది, అన్నీ పెద్దవాళ్ళనడిగి, బావి గట్టున చూసి, కొలత ప్రకారం వేయాలి. కుప్పంలో జరగబోయే సైన్సు ప్రదర్శనకు బాగా వచ్చిన బొమ్మను తీసుకుపోతానని ఆశ కూడా పెట్టాడు.

తేజస్విని తెచ్చిన చార్టులో పైన టమోటా మొక్కలు, వాటికి పాతిన కర్రలు, మూలన మోటారు స్టార్టరు డబ్బా ఉన్నాయి. డబ్బా నుంచి ఒక సన్నటి తీగ బయల్దేరి, చిన్న గూటాల మీదుగా చేను చుట్టూ తిరిగింది. కింద ఎర్రమన్ను. దాని కింద, గరుసులోకి సగం దిగి, పక్కకు ఒరిగి పడుకున్న ఏనుగు.

సారు ముందు నవ్వాడు. "ఏమ్మా, వినాయకుణ్ణి తీసుకుపోయి భూమిలో పెట్టినావే?"

"వినాయకుడు కాదు సార్. ఏనుగు."

"చూసిందే గీయమన్నాను కదా నేను?"

"సూసిందే సార్."

సిరాజుద్దీన్ చార్టును కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు. ఏనుగు ముందర కాలు మడిచి ఉంది. ఎడమ కొమ్ము సగానికి విరిగి ఉంది. కాలి మీద అడ్డంగా ఒక నల్లటి గీత. నుదుటన పసుపు, దాని మీద కుంకుమ బొట్టు. ఆ కొమ్ము విరిగిన ఏనుగును ఆ చుట్టుపక్కల ఎరగని రైతు లేడు. దానికి ఒంటికొమ్మోడని పేరు కూడా పెట్టారు. రాగి చేలు తొక్కి, టమోటా తోటలు పీకి, అందర్నీ కాల్చుకు తిన్న మొండిది. కొన్నాళ్ళుగా అది కనబడకపోతే, తమిళనాడు అడవికి మళ్ళిందిలే, పీడ వదిలిందనుకున్నారు. ఫారెస్టు వాళ్ళు మాత్రం ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

"పాదం చుట్టుకొలతకు రెండింతలుంటాది ఏనుగు ఎత్తని మీరే సెప్తిరి కదా సార్" అంది తేజస్విని. "నా జానతో కొలిసినా. సరిపోయింది." ఆ పిల్ల మొహంలో భయం లేదు. లెక్క తేలినందుకు సంతోషం ఉంది. సారు తలుపు దగ్గరికేసి వచ్చి, ఏం జరిగిందో చెప్పమన్నాడు.

జరిగింది ఆ పిల్లే చెప్పింది. వాళ్ళ నాయన మునిరత్నం చేను చుట్టూ కరెంటు తీగ కట్టాడు. ఒంటికొమ్మోడు దానికి తగులుకుని పడిపోయాడు. తెల్లవారకముందే జేసీబీ పిలిపించి గుంత తీయించాడు. దొంగతనంగా పూడ్చేవాడు ఆ పనేదో గప్‌చిప్‌గా కానిచ్చి ఇంటికి పోవచ్చు కదా! పోలేకపోయాడు. చచ్చింది వినాయకుడి అంశ. బొట్టు పెట్టకుండా మన్ను పోస్తే వంశం నిలవదని తల్లి బయ్యమ్మ పట్టుబట్టింది. భార్య ఆదిలక్ష్మిని పిలిచారు. ఆమె చేతిలోంచి పళ్ళెం జారిపోతే, కూతురిని పిలిచారు. అట్లా తేజస్విని గుంతలోకి దిగి ఏనుగు నుదుటికి పసుపు రాసింది. మూడో రోజు పాలు పోశారు. మునిరత్నం గుండు కొట్టించుకుని, ఎవరైనా అడిగితే తిరుపతి మొక్కన్నాడు. మన వాళ్ళు చంపడానికైనా తెగిస్తారు గానీ, కర్మకాండ లేకుండా సాగనంపడానికి మాత్రం తెగించలేరు.

"ఈ బొమ్మ ఎవరికైనా చూపించినావా?"

"లేదు సార్. మీకే."

సిరాజుద్దీన్ చార్టును చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఏనుగును చంపితే జైలు. ఫారెస్టు వాళ్ళకు ఒక్క మాట చెబితే మునిరత్నం లోపలికి పోతాడు, ఆదిలక్ష్మీ ముసలమ్మా ఆ చేను చూసుకోలేరు, ఈ పిల్ల బడి మానేస్తుంది. చెప్పకపోతే తీగ అట్లాగే ఉంటుంది. పోకచెక్కకు అడకత్తెరలో ఎట్లుంటుందో ఆయనకు అప్పుడు తెలిసింది.

ఆదివారం పుంగనూరు పోయి మైమూన్ బీకి చెప్పాడు. ఆమె బియ్యం ఏరుతూ మొత్తం విన్నది. "పిల్ల మిమ్మల్ని నమ్మి చూపించింది. ఆ నమ్మకంతోనే వాళ్ళ నాయన్ని పట్టిస్తారా? ఆయన్తో మాట్లాడండి. తీగ తీయించండి. అంతవరకే మీ పని" అంది. అది నిజంగా మంచి సలహానే. ఆ సలహాలో సగమే పాటిస్తాడని ఆమెకేం తెలుసు?

సిరాజుద్దీన్ మునిరత్నం చేనుకు పోయాడు. మునిరత్నం సారును చూసి తువ్వాలు భుజం మీంచి తీసి, గట్టు తుడిచి కూర్చోమన్నాడు. విషయం చెప్పగానే మనిషి కూలబడ్డాడు.

"కడుపు సించుకుంటే కాళ్ళ మీద పడతాది సారూ. నా బిడ్డే నన్ను బైట పెట్టిందా?"

"బిడ్డను ఏమనొద్దు. బొమ్మ నా దగ్గరే ఉంది. ఎవరికీ పోదు. నువ్వు తీగ తీసెయ్."

"తీసేస్తే నాకేం మిగుల్తాది సారూ? అడివి పందులు వేర్లతో సహా పీకతాండాయి. ఏనుగుల గుంపు మళ్ళా వస్తాండాదంటాండారు. ఈ పంట ఎత్తేస్తా, తీసేస్తా."

"కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?"

మునిరత్నం గుండు తడుముకున్నాడు. కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధమాడి బతికినవాడు లేడని ఈ సీమలో పసిపిల్లకు కూడా తెలుసు. అందులోనూ ఆ దేవుడి ముందుకు ఏ మొహం పెట్టుకుని పోతాడు? "నా మాట నమ్ము సారూ. పంట ఎత్తినాక" అన్నాడు. నమ్మడమే సుఖంగా ఉంది కాబట్టి సిరాజుద్దీన్ నమ్మాడు.

మర్నాడు అసలు పాపం జరిగింది. చార్టు చూడకపోయినా, బళ్ళో బాగా గీసేది ఆ పిల్లే కాబట్టి కుప్పం ప్రదర్శనకు తేజస్విని బొమ్మే పోవాలని గోపాలస్వామి పట్టుబట్టాడు, పిల్లలంతా అదే అన్నారు. సిరాజుద్దీన్ తేజస్వినిని స్టాఫు రూముకు పిలిచి, కొత్త చార్టు ఇచ్చాడు. "మళ్ళీ గీయమ్మా. ఏనుగున్న చోట బండ వెయ్యి. తీగ వద్దు."

పిల్ల ఆ తెల్ల చార్టు అందుకుంది. "లేనిది ఉన్నట్టు గీయగూడదంటిరి కదా సార్. ఉండేది లేనట్టు గీయొచ్చునా?"

"మీ నాయన కోసం" అన్నాడు.

ఆ మాట చాలింది. తేజస్విని ఏనుగున్న చోట బూడిదరంగు బండ వేసింది. బండ మీద పగుళ్ళు కూడా వేసింది. ఎంత బాగా వేసిందంటే, కుప్పంలో జడ్జీలు దానిముందు ఆగి, కళనూ శాస్త్రాన్నీ ఒక చోట కలపడమంటే ఇదేనని మైకులో పొగిడారు. రెండో బహుమతి ఇచ్చారు. సారును కూడా స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పారు. తేజస్విని ఫొటోకు నవ్వలేదు. సిగ్గేమోలే అన్నాడు ఫొటోగ్రాఫరు. పాత చార్టును సిరాజుద్దీన్ ముక్కలు చేసి, బడి వెనక చెత్తతోపాటు తగలబెట్టాడు.

ఆ తర్వాత ఆ పిల్ల క్లాసులో ఏది గీయమంటే అది గీసేది. బాగానే గీసేది. కానీ గీసేముందు సారు మొహం వైపు చూసేది. పువ్వు వైపు కాదు, ఆకు వైపు కాదు, సారు వైపు. అది గమనించినప్పుడల్లా సిరాజుద్దీన్ బోర్డు వైపు తిరిగిపోయేవాడు. బండి మీద పోతూ మునిరత్నం చేను దగ్గర ఆయన మొహం అటు తిప్పుకునేవాడు. టమోటా కోతలు మొదలయ్యాయని, అయిపోవచ్చాయని తెలుస్తూనే ఉంది. తీగ ఉందో పోయిందో మాత్రం చూడలేదు. పిల్లలకు చూడ్డం నేర్పే మనిషి చూడ్డం మానేస్తే, ఇంక ఆ ఊరికి దిక్కెవరు?

ఒక రోజు బళ్ళో ప్రార్థన అవుతుండగా కబురొచ్చింది. ఆదిలక్ష్మికి కరెంటు షాకు కొట్టింది, మనిషి లేదు.

సిరాజుద్దీన్ పోయేసరికి చేనులో ఊరంతా ఉంది. ఆదిలక్ష్మిని చాప మీద పడుకోబెట్టారు. బయ్యమ్మ కోడలి తల ఒళ్ళో పెట్టుకుని, ఏడవకుండా ఆమె జుట్టులో చిక్కుకున్న మట్టి తీస్తోంది. రాత్రంతా లైన్లో కరెంటు లేదు. రోజూ చీకటుండగానే డబ్బా నుంచి తీగ కొక్కెం తీసే మునిరత్నం, ఈరోజు దాంట్లో ప్రాణం లేదులే అనుకుని పాలకేంద్రానికి పోయాడు. తెల్లవారుతూ లైనొచ్చింది. ఆదిలక్ష్మి చివరి కోత కాయలకు గంప పట్టుకుని చేన్లోకి దిగింది. ఈ మాటలేవీ ఎవరూ పైకి అనలేదు. అప్పటికే గూటాలు పీకేసి ఉన్నాయి, తీగ ఎక్కడా లేదు.

ఊరి పెద్ద రెడ్డెప్ప అందరికీ ఒకే మాట నేర్పి పెట్టాడు. మోటారు వెయ్యబోయింది, స్టార్టరు డబ్బా షాకిచ్చింది. ఎస్సై వచ్చాడు. డబ్బా తెరిచి చూశాడు, మూశాడు. చాప దగ్గరికి పోయి, రెండు మోకాళ్ళ కింద అడ్డంగా ఉన్న నల్లటి గీతను చూశాడు. మోటారు వేసేవాళ్ళకు చేతికి తగులుతుందని తెలియడానికి ఆయనకు పెద్ద చదువు అక్కర్లేదు.

"ముందు ఎవరు చూసినారు?"

"నేనే సార్" అంది తేజస్విని. బడికి వేసుకున్న యూనిఫాం అట్లాగే ఉంది.

రెడ్డెప్ప దగ్గాడు. ఎస్సై చెడ్డవాడు కాదు. వంగి, పిల్ల ఎత్తుకు దిగి మాట్లాడాడు. "నీకు కుప్పంలో బొమ్మలకు ప్రైజొచ్చిందంట కదమ్మా. మీ అమ్మ యాడ పడి ఉండిందో, సుట్టూ ఏమేమి ఉండాయో, ఈ కాగితం మీద ఏసి సూపిస్తావా?"

తేజస్విని సిరాజుద్దీన్ వైపు చూసింది. క్లాసులో చూసినట్టే, ఏం గీయమంటారని. తర్వాత ఎస్సైతో అంది:

"నాకు బొమ్మలెయ్యను రాదు సార్."

ఊరంతా ఊపిరి పీల్చుకుంది. మునిరత్నం అరచేతులతో మొహం కప్పుకున్నాడు. సిరాజుద్దీన్‌కు మాత్రం ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఆ పిల్లకు ఏమీ రానట్టు ఉండటం తానే నేర్పాడు. వాళ్ళ నాయన్ని కాపాడతాననుకుని వాళ్ళ అమ్మను తెచ్చి ఈ చాప మీద పెట్టాడు. ఈ చుట్టుపక్కల ఇంకా ఎన్ని చేలకు తీగలున్నాయో ఈ జనంలో అందరికీ తెలుసు. రేపు ఏ బిడ్డ తగులుకుంటుందో ఎవరికీ తెలియదు.

"నేను వేస్తాను సార్" అన్నాడు ఎస్సైతో.

"సారూ, మీరు పుంగనూరోళ్ళు. మీకేం తెలుసని? కూసోండి" అన్నాడు రెడ్డెప్ప. గొంతులో మర్యాద ఉంది, కళ్ళలో లేదు.

సిరాజుద్దీన్ కాగితం తీసుకుని గట్టు మీద పెట్టాడు. చేను గీశాడు. స్టార్టరు డబ్బా గీశాడు. గూటాలు వేసి, వాటి మీదుగా తీగ లాగాడు. నడుము ఎత్తున లాగాడు. మునిరత్నం లేచి నిలబడ్డాడు. ఎవరో ఆడమనిషి సారుకు శాపనార్థాలు పెట్టింది. సిరాజుద్దీన్ తలెత్తలేదు.

పక్కన నిలబడి చూస్తున్న తేజస్విని కదిలింది. ఒకసారి వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది. తప్పు బొమ్మను చూస్తూ నిలబడటం ఆ పిల్ల వల్ల కాలేదు.

"ఆడ కాదు సార్" అంది.

ఆయన చేతిలోంచి పెన్ను తీసుకుంది. గట్టు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "ఇంకా కింద. పందులు దూరకుండా నాయన కిందికి కట్టినాడు" అంటూ, సారు గీసిన తీగను కొట్టేసి, పిక్కల ఎత్తున కొత్తది లాగింది. అమ్మ పడిన చోటు వేసింది. దొర్లిన గంప వేసింది. చెదిరిన కాయలు వేసింది. అక్కడితో ఆగుతుందనుకున్నారు. ఆగలేదు. నేల కింద ఎర్రమన్ను గీత గీసి, దాని కింద ఏనుగును పడుకోబెట్టింది. పెన్నుకు రంగులు లేవు గానీ, ఎడమ కొమ్ము విరిగిన సంగతి మరిచిపోలేదు.

"ఇదేందమ్మా?" అన్నాడు ఎస్సై, మెల్లగా.

"ఏనుగు సార్. దీని కాలికీ అమ్మ కాలికీ ఒకే మాదిరి గీత సార్" అని ఆ రెండు గీతలూ దిద్దింది. అప్పుడు ఏడ్చింది. కాగితం తడవకుండా పక్కకు జరిపి ఏడ్చింది.

జనం పాయగా చీలితే మునిరత్నం గట్టు దగ్గరికి వచ్చాడు. కూతురిని కొడతాడేమోనని సిరాజుద్దీన్ అడ్డం పోబోయాడు. మునిరత్నం కొట్టలేదు. కాగితం చేతిలోకి తీసుకుని, తన చేనును, తన తీగను, తన పెళ్ళాన్ని, మన్ను కింద ఏనుగును, ఒక్కొక్కదాన్నీ వేలితో ముట్టుకుంటూ చూశాడు.

"సరిగ్గా ఏసినావు పాపా" అన్నాడు.

కాగితం ఎస్సై చేతికిచ్చి, ఎవరూ చెప్పకముందే జీపు వైపు నడిచాడు. బయ్యమ్మ కొడుకు వెనక పోదామని లేవబోయింది. ఒళ్ళో కోడలి తల ఉంది. ముసలమ్మ అటు చూసి, ఇటు చూసి, మళ్ళీ కూర్చుంది.